సూపర్‌సోనిక్ టన్నెల్‌లో క్యాప్సూల్ ఊగిసలాట: డ్యాంపింగ్ కొలత ప్రాజెక్టు డైరీ

మొద్దు ముక్కు క్యాప్సూల్ హైపర్‌సోనిక్ వేగాల్లో బుద్ధిగానే ఉంటుంది. మాక్ 3 నుంచి 1 లోపు (ధ్వని వేగానికి మూడు రెట్ల నుంచి దానికన్నా తక్కువకు) దిగేటప్పుడే చిక్కు. వెనక తిరుగుతున్న గాలి మోడల్ కదలిక కన్నా కాస్త ఆలస్యంగా కదులుతుంది. ఆ ఆలస్యం వల్ల వెనక భాగం మీది పీడనం ఊగిసలాటను ఆపాల్సింది పోయి కొద్దికొద్దిగా తోస్తుంది. పారాచూట్ తెరుచుకునే లోపు ఊపు ఎంత పెరుగుతుందన్నది చాలావరకు డ్యాంపింగ్ గుణకం మీద ఆధారపడుతుంది. గాలి ఊపును ఆపుతోందా, పెంచుతోందా, ఎంత అన్నది చెప్పే అంకె ఇది: రుణమైతే ఆపుతుంది, ధనమైతే పెంచుతుంది. 2014 డిసెంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన కేర్ మాడ్యూల్ (వ్యోమగాముల క్యాప్సూల్ కోసం ఇస్రో పరీక్షించిన నమూనా) 126 కి.మీ. ఎత్తు నుంచి దిగుతూ ఈ పరిధిని దాటుకునే బంగాళాఖాతంలో పడింది. ఇలా దిగే ఏ క్యాప్సూల్‌కైనా ఈ అంకె తెలిసి ఉండాలి.

ఇక్కడ రాస్తున్నది చిన్న బ్లోడౌన్ టన్నెల్‌లో (ట్యాంకుల్లో నింపిన గాలిని వదిలి నడిపేది) స్వేచ్ఛా ఊగిసలాట పద్ధతిలో ఆ గుణకాన్ని రాబట్టే పని. మోడల్‌ను ఒక కోణానికి వంచి వదలాలి, ఊపు తగ్గుతోందో పెరుగుతోందో చూడాలి. వినడానికి ఇంతే. కష్టమంతా మోడల్‌ను పట్టుకునే కీలులో ఉంది.

దశ 1: టన్నెల్, గాలి

టెస్ట్ సెక్షన్ 150 × 150 మి.మీ., మాక్ 2 నాజిల్. గొంతు వైశాల్యం టెస్ట్ సెక్షన్‌లో 1.6875వ వంతు, అంటే 13,333 చ.మి.మీ. సెటిలింగ్ ఛాంబర్‌లో (నాజిల్‌కు ముందు గాలి కుదురుకునే గది) 300 కిలోపాస్కల్ (అబ్సల్యూట్), 300 కెల్విన్ పెడితే:

- స్థిర పీడనం: ఛాంబర్ పీడనంలో 0.1278 వంతు, 38 కిలోపాస్కల్
- డైనమిక్ పీడనం (గాలి వేగం వల్ల వచ్చేది): 0.358 వంతు, 107 కిలోపాస్కల్
- ప్రవాహ ఉష్ణోగ్రత: 167 కెల్విన్
- వేగం: సెకనుకు 518 మీ.
- గాలి ఖర్చు: సెకనుకు 9.3 కిలోలు

ట్యాంకులు మొత్తం 30 ఘ.మీ. 12 బార్ నుంచి 5 బార్‌కు దిగేలోపు కాగితం మీద 26 సెకన్లు వస్తాయి. నిజంగా అన్ని రావు. ఖాళీ అవుతున్న కొద్దీ ట్యాంకు చల్లబడుతుంది, ఉష్ణోగ్రతతో పాటు పీడనం ఇంకా త్వరగా పడుతుంది. ఒక్కో రన్‌ను 12 సెకన్లకే ప్లాన్ చేసుకోండి. అందులో మొదటి 2 సెకన్లు వాల్వ్ కుదురుకోవడానికి పోతాయి.

పిటో రేక్‌తో (గాలికి ఎదురుగా పెట్టే పీడన గొట్టాల వరుస) అక్షం వెంట చూస్తే, గొట్టాల ముందు ఏర్పడే షాక్ (పీడనం ఒక్కసారిగా పెరిగే పొర) తర్వాతి పీడనానికీ ఛాంబర్ పీడనానికీ నిష్పత్తి 0.712 నుంచి 0.716 మధ్య ఉంది. అంటే మాక్ 2.01 – 2.02. ఈ పనికి చాలు.

తేమ విషయంలో రాజీ పడొద్దు. 167 కెల్విన్ దగ్గర గాలిలో మిగిలిన ఆవిరి గడ్డకట్టి, ఆ వేడితో మాక్ సంఖ్యనే మార్చేస్తుంది. వానాకాలంలో డ్రయ్యర్‌లోని అల్యూమినాను సరిగ్గా వేడిచేసి ఆరబెట్టకపోతే ష్లీరెన్ చిత్రం (గాలి సాంద్రత తేడాలను వెలుగునీడలుగా చూపేది) మొత్తం పొగ కమ్మినట్టు మసకబారింది, పిటో నిష్పత్తి కూడా నిలకడ తప్పింది. అప్పటి నుంచి ట్యాంకు గాలి డ్యూ పాయింట్ (ఆవిరి గడ్డకట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు వచ్చాకే వాల్వ్ తెరుస్తున్నాం.

దశ 2: మోడల్ ఎంత పెద్దదిగా ఉండొచ్చు

పెద్ద మోడల్ అయితే లోపల కీలుకు చోటు దొరుకుతుంది. కానీ టన్నెల్ స్టార్ట్ కావాలి, అంటే మొదట్లో వచ్చే షాక్ మోడల్‌ను దాటి వెనక్కి పోయి సూపర్‌సోనిక్ ప్రవాహం నిలబడాలి. మాక్ 2 దగ్గర సిద్ధాంతం ప్రకారం దారిలో 17.8 శాతం వరకు అడ్డు పెట్టొచ్చు. మొద్దు ముక్కుకు ఈ అంకెను నమ్మొద్దు. ముందు నిలబడే బో షాక్, గోడల బౌండరీ లేయర్ (గోడ వెంట నెమ్మదించే గాలి పొర) రెండూ కలిసి అందులో సగానికి పైగా తినేస్తాయి.

డమ్మీలతో తేలింది ఇది:

- 56 మి.మీ. (అడ్డు 10.9 శాతం): స్టార్ట్ కాలేదు. షాక్ మోడల్‌కు ముందే ఆగిపోయింది.
- 48 మి.మీ. (8.0 శాతం): ఛాంబర్ పీడనం బాగా పెంచితేనే స్టార్ట్ అయింది, దించితే మళ్లీ పోయింది.
- 40 మి.మీ. (5.6 శాతం): ఇబ్బంది లేదు.

40 మి.మీ. ఖాయం. అపోలో కొలతలనే కుదించాం. అసలు క్యాప్సూల్ వ్యాసం 3.912 మీ., హీట్ షీల్డ్ వక్రతా వ్యాసార్ధం 4.694 మీ., భుజం (హీట్ షీల్డ్ అంచు) వంపు వ్యాసార్ధం 0.196 మీ., వెనక కోన్ 33°. మోడల్‌లో చివరి మూడూ 48 మి.మీ., 2 మి.మీ., 33° అవుతాయి. స్టింగ్ (మోడల్‌ను వెనక నుంచి పట్టుకునే కడ్డీ) లోపలికి దూరాలి కాబట్టి కోన్‌ను ముక్కు నుంచి 22 మి.మీ. దగ్గర కోసేశాం. అక్కడ వ్యాసం సుమారు 20 మి.మీ., అందులో 15 మి.మీ. రంధ్రం. ఊగే అక్షం ముక్కుకు 10.5 మి.మీ. వెనక ఉంది. ఆ అక్షం నుంచి రంధ్రం అంచు 11.5 మి.మీ. దూరం. 10° ఊగితే 2 మి.మీ. పక్కకు జరుగుతుంది. 10 మి.మీ. స్టింగ్‌కు రెండు వైపులా 2.5 మి.మీ. ఖాళీ ఉంది కాబట్టి తగలదు.

ముందు భాగం స్టీలు, వెనక చిప్ప 7075 అల్యూమినియం, వెనక అంచున బ్యాలెన్స్‌కు ఇత్తడి రింగు. మొత్తం 50 గ్రాములు.

దశ 3: స్టింగ్ వణుకు

వెనక గాలిని వీలైనంత తక్కువ చెడగొట్టాలని మొదటి స్టింగ్‌ను 200 మి.మీ. పొడవు పెట్టాం. డీకే గ్రాఫులో (సమయంతో ఊపు ఎలా తగ్గుతోందో చూపే గీత) ఊపు తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ, మళ్లీ తగ్గుతూ అలల మీద అలలా వచ్చింది. ఏరోడైనమిక్స్ కారణం కాదు. 10 మి.మీ. స్టీలు కడ్డీ 200 మి.మీ. పొడవుతో, కొసన 50 గ్రాములతో 108 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. మోడల్ ఊగేది 60 – 85 హెర్ట్జ్ మధ్య. రెండూ దగ్గరగా ఉండి శక్తిని ఇచ్చిపుచ్చుకుంటున్నాయి.

120 మి.మీ.కు కుదిస్తే స్టింగ్ ఫ్రీక్వెన్సీ 250 హెర్ట్జ్ దాటింది, ఆ అలలు (బీట్స్) పోయాయి. వ్యాసం మోడల్‌లో 0.25 వంతు, పొడవు మూడు వ్యాసాలు. ఇంకా కుదిస్తే వెనక బ్లాకు వేక్‌లోకి (మోడల్ వెనక తిరిగే గాలిలోకి) చొరబడుతుంది. ష్లీరెన్‌లో చూస్తే గోడకు తగిలి తిరిగొచ్చిన బో షాక్ కూడా వేక్ సన్నబడే మెడకు బాగా వెనకే పడుతోంది.

ఇప్పటిదాకా లెక్క:
- అడ్డు 5.6 శాతం
- డైనమిక్ పీడనం × వైశాల్యం × వ్యాసం = 5.40 న్యూటన్-మీటర్
- డ్రాగ్, అంటే గాలి మోడల్‌ను వెనక్కి తోసే బలం (గుణకం 1.4 అనుకుంటే) 189 న్యూటన్లు
- స్టింగ్ 250 హెర్ట్జ్

ఆ 189 న్యూటన్లను గుర్తుపెట్టుకోండి. 50 గ్రాముల బొమ్మ మీద 19 కిలోల బరువు కూర్చున్నట్టు. తర్వాత వచ్చిన కష్టాలన్నీ దీని నుంచి పుట్టినవే.

దశ 4: బాల్ బేరింగ్, అది చెప్పిన అబద్ధం

సులువైన దారి 3 మి.మీ. బోరు ఉన్న 623 బేరింగ్‌ల జత. గ్రీజు కడిగి, పల్చటి నూనె చుక్క వేసి బిగించాం. టన్నెల్ ఆపి వేలితో తోస్తే చాలాసేపు తిరిగింది. గాలిలో పెడితే 8° నుంచి మొదలై చక్కగా సున్నాకు వచ్చి ఆగింది. చూసినవారెవరైనా క్యాప్సూల్ స్థిరంగా ఉందనే అంటారు.

అనుమానం వచ్చింది గ్రాఫు ఆకారం చూశాక. గాలి వల్ల తగ్గే ఊపు ప్రతి చుట్టుకూ ఒకే నిష్పత్తిలో తగ్గాలి, వంపు గీత రావాలి. చివరి భాగంలో ఇది తిన్నటి గీతలా దిగుతోంది. పొడి ఘర్షణ గుర్తు అదే.

ఒక చుట్టులో ఘర్షణ తినే కోణం (రేడియన్లలో):

4 × బేరింగ్ ఘర్షణ గుణకం × (బోరు వ్యాసార్ధం ÷ మోడల్ వ్యాసం) × (డ్రాగ్ గుణకం ÷ పిచ్ స్థిరత్వ గుణకం)

పిచ్ స్థిరత్వ గుణకం అంటే వంగిన మోడల్‌ను గాలి ఎంత గట్టిగా సున్నా వైపు తిప్పుతుందో చెప్పేది. అంకెలు వేస్తే 4 × 0.0015 × (1.5 ÷ 40) × (1.4 ÷ 0.15) = 0.0021 రేడియన్లు, అంటే చుట్టుకు 0.12°.

ఈ సూత్రంలో పీడనం ఎక్కడా లేదు. ఛాంబర్ పీడనం తగ్గిస్తే డ్రాగ్ తగ్గి ఘర్షణ తగ్గుతుంది, అదే పాళ్లలో మోడల్‌ను వెనక్కి లాగే మూమెంట్ కూడా తగ్గుతుంది. కాబట్టి పీడనం దించి తప్పించుకోలేం. బేరింగ్‌ను సన్నం చేయాలి, లేదా వదిలేయాలి.

దీనికి తోడు ఫ్లైట్‌లోని రెడ్యూస్డ్ ఫ్రీక్వెన్సీకి (ఊగే వేగాన్ని గాలి వేగంతో పోల్చే అంకె) దగ్గరవ్వాలని లోపల 60 గ్రాముల టంగ్‌స్టన్ రింగు పెట్టి ఉన్నాం. జడత్వ మూమెంట్ 6 నుంచి 12 మైక్రో కిలో-చ.మీ.కు పెరిగింది, ఫ్రీక్వెన్సీ 58 నుంచి 41 హెర్ట్జ్‌కు దిగింది. కానీ చుట్టుకు పడే ఏరోడైనమిక్ తగ్గుదల జడత్వానికి వర్గమూలంలో విలోమంగా ఉంటుంది. డ్యాంపింగ్ గుణకం మైనస్ 0.2 అనుకుంటే చుట్టుకు తగ్గుదల రింగు లేకుండా 5.9 శాతం, రింగుతో 4.2 శాతం. అంటే ఊపు 2.9° లోపుకు వచ్చాక గాలి కన్నా బేరింగే ఎక్కువ ఆపుతోంది. అస్థిరత ఉంటే కనబడేది కూడా సరిగ్గా ఆ చిన్న కోణాల్లోనే.

చేసిన మార్పులు:

1. టంగ్‌స్టన్ రింగు తీసేశాం. రెడ్యూస్డ్ ఫ్రీక్వెన్సీ 0.010 నుంచి 0.014కు పెరిగింది. రెండూ 1 కన్నా ఎంతో చిన్నవి, వేక్ ఆలస్యం రెండింటిలోనూ ఊగే కాలంలో చిన్న భాగమే. సిగ్నల్ కోసం ఈ తేడాను ఒప్పుకోవడమే మంచిది.
2. బేరింగ్‌లు తీసేశాం. స్ప్రింగ్ పట్టీలతో చేసే క్రాస్ ఫ్లెక్షర్‌కు (ఏదీ రాసుకోకుండా, పట్టీలు వంగడంతోనే తిరిగే కీలు) మారాం.

దశ 5: ఫ్లెక్షర్

రెండు పట్టీలు, ఒకదానికొకటి 90°లో, ప్రవాహానికి 45°లో, నడిమధ్య ఒకదాన్నొకటి దాటుతూ. పట్టీ వెడల్పు 5 మి.మీ., మందం 0.3 మి.మీ., పొడవు 12 మి.మీ. వంపు బిరుసు రెండూ కలిపి రేడియన్‌కు 0.375 న్యూటన్-మీటర్. 8° వంపులో వంపు ఒత్తిడి 350 మెగాపాస్కల్, డ్రాగ్ వల్ల వచ్చేది 90. స్ప్రింగ్ స్టీలుకు ఇది సులువు.

మొదటి ఫ్లెక్షర్‌లో పట్టీలను చిన్న క్లాంపులతో బిగించాం. గాలి లేకుండా డీకే తీస్తే పెద్ద ఊపులో డ్యాంపింగ్ ఎక్కువ, చిన్న ఊపులో తక్కువ. క్లాంపు నోటి దగ్గర పట్టీ మైక్రాన్లలో జారుతోంది. స్క్రూలు ఎంత బిగించినా పూర్తిగా పోలేదు. చివరికి బాలానగర్‌లో వైర్‌కట్ (విద్యుత్ తీగతో లోహాన్ని కోసే యంత్రం) మీద ఫ్లెక్షర్ మొత్తాన్ని ఒకే దిమ్మె నుంచి కోయించాం. వైర్‌కట్ వదిలిన గరుకు పొరను సన్నని ఎమరీతో పట్టీ పొడవు దిశలోనే రుద్ది తీసేయాలి. అడ్డంగా రుద్దితే గీతలే పగుళ్లకు మొదలవుతాయి.

జడత్వ మూమెంట్‌ను కూడా ఫ్లెక్షర్ మీదే కొలవొచ్చు, వేరే పెండ్యులం అక్కర్లేదు:

1. మోడల్‌ను ఒంటరిగా ఊపి ఫ్రీక్వెన్సీ తీయండి: 39.8 హెర్ట్జ్.
2. లెక్క తెలిసిన 3 మైక్రో కిలో-చ.మీ. రింగు తగిలించి మళ్లీ తీయండి: 32.5 హెర్ట్జ్.
3. రింగు జడత్వాన్ని రెండో ఫ్రీక్వెన్సీ వర్గంతో గుణించి, రెండు వర్గాల తేడాతో భాగించండి: 6.0 మైక్రో కిలో-చ.మీ.

దశ 6: బరువు వేయకుండా తీసిన టేర్ పనికిరాదు

ఈ డైరీలో ఒక్క దశే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. టేర్ అంటే కీలు సొంత బిరుసునూ డ్యాంపింగ్‌నూ గాలి లేకుండా కొలిచిన అంకె; గాలిలోని కొలత నుంచి దాన్ని తీసేయాలి.

గాలిలో మోడల్ 84 హెర్ట్జ్ దగ్గర ఊగింది. మామూలు పద్ధతి ప్రకారం గాలి ఉన్నప్పటి బిరుసు నుంచి గాలి లేనప్పటి బిరుసు తీసేస్తే ఏరోడైనమిక్ బిరుసు మిగలాలి. 1.67 నుంచి 0.375 తీసేస్తే సుమారు 1.30. అందులోంచి పిచ్ గుణకం మైనస్ 0.24 వస్తుంది. ఇదే ఆకారాన్ని ఫోర్స్ బ్యాలెన్స్ మీద కదలకుండా పెట్టి కొలిస్తే మైనస్ 0.15 వచ్చింది. అరవై శాతం తేడాను పొరపాటు పరిధి అని కొట్టేయలేం.

కారణం ఫ్లెక్షర్ జ్యామితిలో ఉంది. పట్టీలు మధ్యలో దాటే కీలు వంగినప్పుడు మోడల్ కాస్త ముందుకు, గాలికి ఎదురుగా జరుగుతుంది. 19 కిలోల డ్రాగ్ ఆ జరగడాన్ని అడ్డుకుంటుంది, అంటే అదనపు స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. గాలి లేనప్పుడు ఈ స్ప్రింగ్ ఉండదు.

బెంచి మీద ఇలా సరిచూశాం:

1. స్టింగ్‌ను నిలువుగా, మోడల్ పైన ఉండేలా బిగించండి.
2. ఊగే అక్షం మీద రెండు పక్కలా చిన్న పిన్నులు పెట్టి, 0.3 మి.మీ. పియానో తీగలు కట్టి కిందికి వదలండి. తీగ అక్షానికి ఏ మాత్రం పైనో కిందో ఉన్నా బరువే ఒక మూమెంట్ ఇస్తుంది, కొలత చెడుతుంది.
3. రెండు పక్కలా సమానంగా బరువులు వేస్తూ ఫ్రీక్వెన్సీ తీయండి. తీగలు ఒక మీటరు పొడవుంటే బరువుల సొంత ఊపు చాలా నెమ్మదిగా ఉండి అడ్డు రాదు.

వచ్చిన టేర్ పట్టిక:

- బరువు లేకుండా: 39.8 హెర్ట్జ్
- 70 న్యూటన్లు: 49
- 140 న్యూటన్లు: 56
- 190 న్యూటన్లు: 60.4

190 న్యూటన్ల దగ్గర బిరుసు 0.86. గాలిలోని 1.67 నుంచి దాన్ని తీసేస్తే 0.81, గుణకం మైనస్ 0.15. బ్యాలెన్స్ అంకెతో కలిసింది.

పట్టీలు మధ్యలో కాకుండా ఒక కొస నుంచి 12.7 శాతం దగ్గర దాటేలా పెడితే తక్కువ బరువుల్లో ఈ ప్రభావం పోతుందన్నది క్రాస్ ఫ్లెక్షర్లను లెక్కగట్టిన విట్రిక్ కాలం నుంచి తెలిసిన విషయమే. లెక్క వేసి చూసి ఆ దారి వదిలేశాం. పట్టీ మొదట్లో వంపు ఒత్తిడి 3.2 రెట్లు అవుతుంది, ఇదే పట్టీకి 8° దగ్గర 1,100 మెగాపాస్కల్ దాటుతుంది. పట్టీని పల్చన చేస్తే ఇన్ని న్యూటన్ల కింద ఆ జ్యామితి బిరుసు కూడా నిలకడగా ఉండదు, పైగా బక్లింగ్ (నొక్కుడుకు పట్టీ పక్కకు వంగిపోవడం) దగ్గరపడుతుంది. మధ్యలో దాటే ఫ్లెక్షర్, దానికి బరువు మీద తీసిన టేర్ పట్టిక: ఇదే నమ్మదగ్గ దారి.

డ్యాంపింగ్ టేర్‌ను కూడా అదే బరువు కింద తీయాలి. బరువు వేయని డ్యాంపింగ్ అంకెను ఎక్కడా వాడొద్దు.

దశ 7: లాక్, విడుదల

టన్నెల్ స్టార్ట్ అయ్యేటప్పుడు నార్మల్ షాక్ మోడల్ మీదుగా వంకరగా జారుతుంది. ఆ క్షణంలో పక్కబలాలు రన్‌లో ఎప్పుడూ లేనంత ఉంటాయి. లాక్ చేయని ఫ్లెక్షర్ వంగి అలాగే ఉండిపోయింది. కాబట్టి మోడల్‌ను 8° దగ్గర పిన్నుతో పట్టి, గాలి కుదిరాక వదలాలి.

స్టింగ్‌లో 4 మి.మీ. రంధ్రం తొలిచి, లోపల లాగుడు తీగ, బయట చిన్న న్యూమాటిక్ సిలిండర్ పెట్టాం. స్టింగ్ బిరుసు దీంతో 3 శాతం కూడా తగ్గదు. 8° పట్టి ఉంచడానికి 5 మి.మీ. ఆర్మ్ మీద పిన్నుకు సుమారు 45 న్యూటన్లు పడతాయి. తిన్నటి పిన్ను ఆ బలానికి పట్టేసి, ఒక్కసారిగా ఊడి, మోడల్‌ను పక్కకు కూడా తన్నింది. యా దిశలో (పక్కకు) ఊపు మొదలైతే ఆ రన్ వృథా. పిన్ను కొసను శంఖాకారంగా మార్చి, గట్టిపరిచి, మోలిబ్డినం డైసల్ఫైడ్ పూశాక విడుదల శుభ్రంగా వస్తోంది.

రన్ క్రమం:

1. డ్యూ పాయింట్, ట్యాంకు పీడనం, లాక్ సరిచూసుకోవడం
2. వాల్వ్ తెరవడం, 2 సెకన్ల తర్వాత ఛాంబర్ పీడనం 300 దగ్గర నిలిచిందో చూడటం
3. కెమెరా ట్రిగ్గర్, వెంటనే పిన్ను లాగడం
4. 5 సెకన్ల ఊగిసలాట
5. వాల్వ్ మూసే ముందు మోడల్‌ను మళ్లీ పట్టుకోవడం. ఆగేటప్పుడు వచ్చే షాక్ కూడా స్టార్ట్ షాక్ అంత చెడ్డదే.

దశ 8: కోణం కొలత

ష్లీరెన్‌లోనే సెకనుకు 5,000 ఫ్రేములు, ఎక్స్‌పోజర్ 5 మైక్రో సెకన్లు. ఒక్కో చుట్టుకు 60 ఫ్రేములు దొరుకుతాయి. 40 మి.మీ. మోడల్‌కు 400 పిక్సెల్స్ ఉంటే, అంచును పదో వంతు పిక్సెల్ దాకా పట్టుకుని 0.02° వరకు చదవొచ్చు. బో షాక్ అంచును మోడల్ అంచుగా ప్రోగ్రాం పొరబడుతుంది కాబట్టి వెతికే ప్రాంతాన్ని వెనక కోన్‌కే పరిమితం చేయండి.

ఫ్లెక్షర్ మీద స్ట్రెయిన్ గేజ్‌లు ఫుల్ బ్రిడ్జ్‌గా అంటించాం. రన్ సాగేకొద్దీ మోడల్ చల్లబడి గేజ్ సున్నా జరుగుతుంది. ఫ్రీక్వెన్సీకి గేజ్, కోణానికి కెమెరా, ఇలా పని పంచుకుంటే ఇబ్బంది లేదు.

రన్ మొత్తానికి ఒకే ఎక్స్‌పొనెన్షియల్ గీత అమర్చొద్దు. పది చుట్లకో కిటికీ తీసుకుని, ఒక్కో కిటికీకి సగటు ఊపు, తగ్గుదల రేటు, అప్పటి ఛాంబర్ పీడనం విడిగా రాయండి. డ్యాంపింగ్ ఊపును బట్టి మారుతుంది, ఆ మార్పే మనకు కావాల్సింది.

రేటును గుణకంగా మార్చడం: సెకనుకు తగ్గుదల రేటులోంచి బరువు కింద తీసిన టేర్ తీసేసి 17.4తో భాగించాలి. మా జడత్వం, వేగం, పీడనాలకు వచ్చే అంకె అది. మీది వేరుగా ఉంటుంది: డైనమిక్ పీడనం × వైశాల్యం × వ్యాసం వర్గం ÷ (4 × వేగం × జడత్వ మూమెంట్).

అనిశ్చితి లెక్క:
- జడత్వ మూమెంట్ 1.5 శాతం
- డైనమిక్ పీడనం 1 శాతం
- వేగం 0.5 శాతం
- తగ్గుదల రేటు 4 శాతం
- టేర్ 2 శాతం
- వర్గాల మొత్తానికి వర్గమూలం: 4.8 శాతం

గుణకం సున్నాకు దగ్గరైన చోట శాతాలకు అర్థం ఉండదు. అక్కడ రేటులో సెకనుకు 0.1 పొరపాటు గుణకంలో 0.006 అవుతుందని నేరుగా రాసుకోవాలి.

దశ 9: ఫ్లెక్షర్ మీద కనబడింది

8° నుంచి 4° వరకు ఊపు తగ్గింది, కానీ బేరింగ్ మీద చూసినంత వేగంగా కాదు. 3° చుట్టుపక్కలకు వచ్చాక తగ్గడం ఆగి అక్కడే ఊగుతూ ఉండిపోయింది. పిన్నుతో 1° దగ్గర పట్టి వదిలితే అదే 3° వైపు పెరిగింది. రెండు వైపుల నుంచీ ఒకే చోటికి చేరితే అది లిమిట్ సైకిల్. దాని లోపల డ్యాంపింగ్ గుణకం ధన సంఖ్య, అంటే గాలి ఊపును పెంచుతోంది. ఇదే మోడల్‌ను బేరింగ్ సున్నాకు తెచ్చి ఆపేసింది.

స్టింగ్ ప్రభావం ఇందులో ఎంతో విడదీయడానికి 14 మి.మీ. డమ్మీ తొడుగు తయారవుతోంది. మోడల్ రంధ్రానికి తగలకుండా దాన్ని వెనక అంచు నుంచి 5 మి.మీ. అవతలే మొదలుపెట్టాలి. తొడుగుతో లిమిట్ సైకిల్ కోణం జరిగితే, 10 మి.మీ., 14 మి.మీ. అంకెల నుంచి సున్నా వ్యాసానికి గీత పొడిగించాలి. ఆ తర్వాత 2.5 మాక్ నాజిల్ బ్లాకులు. అక్కడ డైనమిక్ పీడనం ఛాంబర్ పీడనంలో 0.256 వంతే కాబట్టి డ్రాగ్ మారుతుంది, టేర్ పట్టికను కొత్త బరువుల దగ్గర మళ్లీ తీయాలి.